దుబాసీ గాజుగది

నా పని గొంతు అరువివ్వడం.
సభకి కుడిపక్కన గాజుగదిలో కూర్చుంటాను.
చెవుల్లో వాళ్ల మాట, నోట్లో నా మాట,
మధ్యన ఒక్క ఊపిరి ఎడం.
ఇనుక్టిటూట్ లోంచి ఇంగ్లీషులోకి,
ఇంగ్లీషులోంచి ఇనుక్టిటూట్ లోకి,
రోజంతా ఒకే గడప దాటుతూ ఉంటాను.

బయట సున్నాకి నలభై రెండు మెట్లు దిగువన ఫిబ్రవరి.
లోపల సీలుతోలు కుర్చీల కిర్రు.

ప్రశ్నల గంట.
ఊలూసీ లేచింది:
"క్యాబేజీ ఇరవై ఎనిమిది డాలర్లు.
అదీ విమానంలో బిగుసుకుపోయి
మా ఊళ్లో దిగేసరికి రాయి.
దాన్ని తరగమంటారా, పగలగొట్టమంటారా?"
సభ నవ్వింది. నా నవ్వు నేను మింగి తర్జుమా చేశాను.
నాయకురాలు అపియా లేచింది, ఇంగ్లీషులో.
రవాణా రాయితీ మీద కమిటీ వేశాం.

తగాక్‌ది నీళ్ల లారీ.
పంపు గడ్డకట్టి పదకొండు రోజులు.
"పిల్లలు మంచు కరిగించుకు తాగుతున్నారు
మా తాతల్లాగే.
మా తాతలకి కమిటీలు కూడా లేవు లెండి."
విడిభాగం బయల్దేరింది, తుఫాను తగ్గగానే వస్తుంది.

బడిదారి పక్క చెత్తకుప్ప మీద మూడు తెల్ల ఎలుగులు, అంది నూవియా.
ఇద్దరు కాపలాదార్లు, ఒక సైరను, పరిశీలిస్తాం.
తన కారు ఇంజను వెచ్చబెట్టుకునే ప్లగ్గు పనిచేయడంలేదని
ఇంకొకాయన.
ఆయనకీ అదే మర్యాద, అదే గొంతు.
అపియా ఫైలుకి రంగు చీటీలుంటాయి,
నీళ్లకి నీలం, ఎలుగులకి పసుపు.
ప్లగ్గుకి కూడా ఏదో ఒక రంగు ఉండే ఉంటుంది.

పరిశీలిస్తాం.
ఇవాళ ఇది పద్నాలుగోసారి.
మా భాషలో దానికి సరైన మాట లేదు.
"చూస్తూ కూర్చుంటాం" అంటాను.
మంచులో ఊపిరిరంధ్రం దగ్గర వేటగాడూ అంతే,
చూస్తూ కూర్చుంటాడు.
కాకపోతే చీకటిపడేలోగా
ఏదో ఒకటి ఇంటికి ఈడ్చుకొస్తాడు.

అప్పుడు లేచాడు ముసలి సిమియోని.
చేతిలో కాగితం లేదు.
"ఓడ వచ్చింది. మా అమ్మకి దగ్గు.
గుండెలకి ఫోటో తీశారు, చేతిమీద అంకె రాశారు.
మళ్లీ ఒడ్డుకి దిగనివ్వలేదు.
నాకప్పుడు ఆరేళ్లు.
ఆమె చేతితొడుగు ఒకటి నా దగ్గరుంది, ఎడమచేతిది.
దక్షిణాన ఏ ఆస్పత్రో, ఏ మట్టో,
ఎవరూ ఉత్తరం రాయలేదు.
అధ్యక్షా, నా ప్రశ్న చిన్నది.
మా అమ్మ ఎక్కడుంది?"

అమ్మ అన్నచోట
అరువిచ్చిన గొంతు నాదైపోయింది.
దుబాసీకి అది తప్పు. సర్దుకున్నాను.

అపియా చీటీలు తిరగేసింది.
నీలం, పసుపు, మళ్లీ నీలం.
ఫైలు మూసింది. కళ్లజోడు తీసింది.
ఇంగ్లీషుని అక్కడే బల్లమీద వదిలేసి
మా భాషలో ఒక్కమాట అంది:
"ఆమాయ్."

నా మైకు ఎర్రదీపం వెలుగుతోంది.
ప్రస్తుతానికి సమాచారం అందుబాటులో లేదు
అనే వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉంది,
అలవాటు మీద వచ్చి కూర్చుంది.
మింగేశాను.
తెలియదు, అన్నాను. అంతే అంది కాబట్టి అంతే.

"వెతికిస్తారా?" అన్నాడు సిమియోని.

అపియా కనుబొమలు ఎత్తింది.
మాకది అవును.
ప్రమాణం చేసేటప్పుడు కూడా
ఇంతకంటే ఎక్కువ కదలదు మా మొహం.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లంతా
నా గాజువైపు తిరిగారు, ఇంకా ఏదో వినబడాలన్నట్టు.
మైకుకి కళ్లుండవు.
సాయంత్రం అచ్చయిన నివేదికలో ఆ చోట
"జవాబు లేదు" అని ఉంది,
బ్రాకెట్లలో.

సిమియోని చూశాడు. చాలాసేపు చూశాడు.
కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

తగాక్ మళ్లీ చెయ్యెత్తాడు,
ఏ తుఫాను తగ్గగానే అని అడగడానికి.
అపియా కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది,
నీలం చీటీ దగ్గర వేలుపెట్టి తెరిచింది.